కాలు పెట్టని బ్రేకు

ఆరో మజిలీ

ఈ పొద్దు మళ్ళీ పిండి నేలపాలైంది.

ఉండలు చేసి పళ్ళేల్లో సర్ది పొయ్యిలోకి తోయబోతున్నాను. ఎవరో చొక్కా పట్టి వెనక్కి లాగినట్టు లారీ ఒక్క కుదుపు కుదిపింది. నేను పోయి బీరువాకు గుద్దుకున్నాను. పళ్ళేలు జారి తలుపు దగ్గర కుప్పపడ్డాయి. వెనక హంపమ్మత్త మేకల లారీ హారన్ మొదలుపెట్టింది. అందులో మేకలు అంతకంటే గట్టిగా మొదలుపెట్టాయి.

క్యాబిన్‌కీ నాకూ మధ్య ఉన్న చిన్న కిటికీ తెరిచి అరిచాను.

"ఏంటికయ్యా తొక్కినావు?"

"నేను తొక్కలేదు," అన్నాడు దస్తగిరి. పెళ్ళయిన కాడినుంచీ ఈ లారీ తోలేది నా మొగుడే, రొట్టెలు కాల్చేది నేను.

"నువ్వు తొక్కకపోతే జిన్ను వచ్చి తొక్కిందా?"

"కాలు కిందనే ఉండాది మే. చూసుకో."

చూశాను. కాలు కిందనే ఉంది. ఎదురుగా తెర మీద మాత్రం ఎర్రటి అక్షరాలు: 'డ్రైవరు గారు బ్రేకు తొక్కారు. క్రూజ్ ఆగింది.' ఆ 'గారు' చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మర్యాదగా అబద్ధాలు చెప్పే యంత్రం.

ఈ ప్రయాణంలో ఇట్లా కావడం ఇది మొదటిసారి కాదు. బిడారులో ఎవరూ నిజంగా బండి తోలరు. పొద్దున పందిరి పైకి లేవగానే బండ్లన్నీ బారు తీరతాయి, బండి తనంతట తనే పోయే క్రూజ్ వేసుకుంటారు, కాళ్ళు కింద పెట్టుకుని కూచుంటారు. ఇక సాయంత్రం మజిలీ దాకా అన్ని బండ్లూ ఒకే వేగం, సైకిలు తొక్కినంత వేగం. పైన గాలిబుడగలు మోసే పందిరి మా బండ్ల కప్పులకు తాళ్ళతో కట్టి ఉంటుంది. అదే ఎండ తాగి మా చక్రాలకు కరెంటు ఇస్తుంది, అదే మా నెత్తికి నీడ. ఒక బండి బ్రేకు తొక్కితే దాని ఎర్రదీపాలు చూసి వెనక బండి తనంతట తనే తొక్కుకుంటుంది, దాని వెనకది కూడా. తాళ్ళు బిగుసుకుంటాయి. అందుకే ఇక్కడ బ్రేకు తొక్కడమంటే ఊరంతటినీ జుట్టు పట్టి లాగినట్టు.

సాయంత్రం హంపమ్మత్త వచ్చింది. పెద్దమనిషి, ఒంటరిది, ఆమెకు మేకలే లోకం.

"మాబున్నీ, నీ మొగునికి చెప్పు. కండ్లు తెరుచుకుని తోలమను. నా చూడి మేక కింద పడింది."

"ఆయన తొక్కలేదు అత్తా."

"మీ ఎర్రదీపాలు వెలిగినాయి కదే! అవి ఊరికే వెలుగుతాయా?"

బిడారు పెద్దలకు రోజూ ఇచ్చే కాగితం మీద 'బండి బాగుంది, రొట్టెలు తక్కువ పడ్డాయి' అని రాసిచ్చాను. ఇది మాత్రం నాకోసం రాసుకుంటున్నాను. ఎవరితోనైనా చెప్పుకోకపోతే తల పగిలేట్టుంది.

ఏడో మజిలీ

ఓబులేసును పిలిచాం. బిడారులో బండ్ల మరమ్మతంతా అతనిదే. నన్ను అక్కా అంటాడు, ఈయన్ను బావా అంటాడు. బండి లోపలి రాతలు చదివే తన పలక తెచ్చి లారీకి తగిలించి, చాలాసేపు చూశాడు.

"రోగం ఏమీ లేదు బావా. బ్రేకు తొక్కినట్టు రాసుకునింది, అంతే."

"తొక్కకుండానే రాసుకునింది, అదే కదప్పా రోగం!" అన్నాను.

అతను నవ్వి క్యాబిన్‌లోకి తల దూర్చాడు. నన్ను కూడా పిలిచి టార్చి పట్టుకోమన్నాడు. పెడలు పైన బొటనవేలంత నల్లడబ్బా ఉంది. దాంట్లోంచి చిన్న పుల్ల కొన బయటికి కనపడుతోంది.

"ఇదే స్విచ్చి అక్కా. పెడలు పైకి ఉన్నంతసేపూ ఈ పుల్లను లోపలికి నెట్టి పెడుతుంది. కాలు పెడితే పెడలు కిందికి పోతుంది, పుల్ల బయటికొస్తుంది. పుల్ల బయటికొస్తే తొక్కినట్టు లెక్క. దీపాలు వెలుగుతాయి, క్రూజ్ తెగుతుంది."

"అంటే ఆ పుల్ల ఏం చెప్తే అది నమ్ముతారు. మనిషి చెప్తే నమ్మరు."

"పుల్లకు అబద్ధమాడాల్సిన పనేముందక్కా?" అన్నాడు. తర్వాత తప్పుగా అన్నానని అనుకున్నాడేమో, పాత స్విచ్చి పీకి కొత్తది పెట్టాడు. పెడలుకు రోంత దగ్గరికి బిగించాను, ఇక చూసుకోనక్కర్లేదు అని చెప్పి టీ తాగి పోయాడు.

దస్తగిరి ముఖం వెలిగింది. అన్నం కూడా ఇంకో ముద్ద అడిగి తిన్నాడు.

ఎనిమిదో మజిలీ

తాడిపత్రి బండరాళ్ళ గుండా నడిచాం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్క కుదుపు లేదు. రొట్టెలు బంగారంలా వచ్చాయి. హంపమ్మత్తకు రెండు ఎక్కువే పంపాను. ఓబులేసుకు వేడివేడిగా నేనే పోయి ఇచ్చొచ్చాను.

నేను కూడా మురిసిపోయాను. ఇక్కడ రాసుకుంటున్నాను, మురిసిపోయానని.

తొమ్మిదో మజిలీ

మళ్ళీ క్రూజ్ తెగింది. ఒకసారి కాదు. పొద్దెక్కే కొద్దీ ఎక్కువైంది. ఒకసారి క్రూజ్ తిరిగి వేద్దామని మీట నొక్కితే పట్టుకోనే లేదు. 'దయచేసి బ్రేకు మీంచి కాలు తీయండి' అంటుంది తెర. ఈయన రెండు మోకాళ్ళూ స్టీరింగు దాకా ఎత్తి పట్టుకుని, "తీసినాను కదే, ఇంకేం తీయాల?" అని తెరతో కొట్లాడుతున్నాడు. చివరికి పెడలు గట్టిగా తొక్కి వదిలితే అప్పుడు పట్టుకుంది. ఈలోపు వెనకున్న బండ్లన్నీ మా పేరు చెప్పుకుని తిట్టుకున్నాయి. హంపమ్మత్త మేకపిల్ల కాలు విరిగింది.

సాయంత్రం ఓబులేసు వైర్లన్నీ విప్పాడు. ఎలుక కొరికిందేమో చూశాడు, లేదు. ఎర్రదీపాల బల్బులు మార్చాడు. ఎర్తు వైరు తుప్పు గీకి మళ్ళీ బిగించాడు. పెడలు వందసార్లు తొక్కి చూశాడు. తొక్కితే వెలుగుతున్నాయి, వదిలితే ఆరిపోతున్నాయి. మజిలీలో నిలబడి ఉన్నప్పుడు ఈ లారీ అంత బుద్ధిమంతురాలు ఇంకొకటి ఉండదు.

పోయేముందు ఓబులేసు నన్ను పక్కకు పిలిచాడు.

"అక్కా, ఒక మాట అడుగుతా, కోపం చేసుకోవద్దు. బావకు చక్కెర జబ్బు ఉండాది కదా. కాళ్ళు సరిగ్గా పని చేస్తాండాయా?"

"నీకు రోగం దొరక్కపోతే మనిషికి అంటగడతావా?" అన్నాను. గట్టిగానే అన్నాను. అతను తల వంచుకుని సామాను ఎత్తుకుపోయాడు.

అన్నాను కానీ, కాసేపటికి దస్తగిరి నీళ్ళ బిందె తీసుకుని వచ్చాడు. ఒక కాలికి చెప్పు ఉంది, ఇంకో కాలికి లేదు. కంకరరాళ్ళ మీద నడిచి వచ్చాడు, ఏమీ ఎరగనట్టు. బిందె దించి, ఏం చూస్తాండావు అన్నాడు. ఏం లేదన్నాను. ఆయన లోపలికి పోయాక దారి వెంట వెతికితే నీళ్ళ బండి దగ్గర బురదలో దొరికింది చెప్పు. కడిగి, మెట్టు పక్కన పెట్టాను.

ఓబులేసు మాట ఇప్పుడు నా నెత్తిలో మేకులా దిగింది.

పదో మజిలీ

పొయ్యి వెలిగించలేదు. బిడారులో ఈ పొద్దు ఎవరికీ రొట్టె లేదు. అడిగినవాళ్ళకు పిండి తడిసిపోయిందని చెప్పి, క్యాబిన్‌లో ఆయన పక్కన కూచున్నాను.

"ఏందీ, పొద్దున్నే షికారా?" అన్నాడు.

"ఊరికే. దారి చూద్దామని."

దారి ఏముంది చూడ్డానికి? ఎండిన చెట్లు, తెల్లటి నేల, పందిరి అంచు దాటి ఆవల కళ్ళు పొడిచే ఎండ. నేను చూసిందల్లా ఆయన కుడికాలే. ఆ కాలు పెడలు పక్కన కింద పెట్టి ఉంది. కదల్లేదు. మధ్యాహ్నం దాటింది, కదల్లేదు. క్రూజ్ కూడా తెగలేదు. నేను కూచున్నంతసేపూ లారీ నూనె రాసినట్టు పోయింది.

మజిలీకి దగ్గరపడుతుండగా ఆయన అడిగాడు, రోడ్డు మీంచి కళ్ళు తీయకుండానే.

"నా కాలికి కాపలా కూచున్నావా?"

నేను కళ్ళు దారి మీదికి తిప్పుకున్నాను.

"ఊరంతా అనుకుంటే పోనీ అనుకున్నా. నువ్వు కూడానా మే?"

"నాకు తెలిస్తే కదా ఏమైనా అనడానికి! ఏం జరుగుతాందో తెలీక చస్తాండాను. నువ్వు తొక్కలేదంటావు, అది తొక్కినావంటాది, నేను ఎవరి మాట నమ్మాల?"

"నా మాట నమ్మాల," అన్నాడు. అంతే. అన్నం కూడా బయట తిని వచ్చాడు.

నాకు ఇంకా మంటగా ఉంది. ఆయన మీదనా, స్విచ్చి మీదనా, రొట్టెల్లేవని సణుగుతున్న జనం మీదనా, ఏదీ తేల్చుకోలేకున్నాను. ఇంత చూసి ఏం తేలింది? నేను చూస్తే తెగదు, చూడకపోతే తెగుతుంది. ఇంతకంటే నా మొగుణ్ణి పట్టించే సాక్ష్యం ఇంకేం కావాలి?

పదకొండో మజిలీ

ఎట్లా రాయాలో తెలీడం లేదు.

పొద్దున పొయ్యి వెలిగించాను. రెండో వాయి తీస్తుండగా తెగింది. మామూలుగా తెగితే ఒక్క కుదుపు కుదిపి, ఆ తర్వాత మెల్లగా జారుతుంది. ఈసారి గుట్ట దిగుతున్నాం, ముందు బండ్లు దిగిపోతున్నాయి, మాది ఆగింది. పైన తాడు ఫట్‌మని తెగిన చప్పుడు విన్నాను. కిటికీలోంచి తల బయట పెడితే పందిరి నిలువునా చీరుకుపోతోంది. నీడ మా మీంచి పక్కకు పోయింది. ఎండ ఒక్కసారిగా పడింది.

ఆ ఎండ ఏమిటో బిడారువాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఇనుము ముట్టుకుంటే చర్మం అంటుకుంటుంది. హంపమ్మత్త మేకలకు గోనెపట్టాలు కప్పుదామని లారీ వెనక్కి ఎక్కింది. వెనకనుంచి ఇంకో బండి వచ్చి తగిలింది. ఆమె కింద పడింది. చెయ్యి విరిగింది. ఆస్పత్రి బండి వచ్చేసరికి ఎండదెబ్బకు నోట మాట లేదు. పందిరి మళ్ళీ లాగి కట్టేదాకా ఆడవాళ్ళూ ముసలివాళ్ళూ బండ్ల కిందికి దూరి పడుకున్నారు. నేను రొట్టెల కోసం దాచిన నీళ్ళన్నీ పంచిపెట్టాను. తీసుకున్నవాళ్ళు ఒక్కరూ నా ముఖం చూడలేదు.

సాయంత్రం బిడారు పెద్ద తిప్పేస్వామి మా లారీ దగ్గరికి వచ్చాడు. అరిచే మనిషి కాదు. అరిచి ఉంటే బాగుండేది.

"దస్తగిరీ, నీ మీద నాకు పగ లేదు. కానీ రేపటినుంచి నువ్వు స్టీరింగు ముట్టొద్దు. వేరే డ్రైవరును పంపిస్తా. వద్దంటే బండిని చివరికి తోలుకో, తాడు లేకుండా, పందిరి బయట."

"పెద్దాయనా, నేను తొక్కలేదు," అన్నాడు దస్తగిరి. కానీ ఆ మాటలో ముందున్న బలం లేదు.

తిప్పేస్వామి పోవడానికి వెనక్కి తిరిగాడు. అప్పుడు నా నోట్లోంచి వచ్చేసింది.

"వేరే డ్రైవరు ఏంటికన్నా? రేపు నేను తోలుతా."

"నువ్వా?"

"మజిలీల్లో బండి తిప్పి పెట్టేది నేనే కదా. నాకు రాదా?"

ఒక్క దినం, అన్నాడు పెద్దాయన. అది కూడా అలిసిపోయి అన్నాడు.

పెద్దాయన పోయాక ఇద్దరం మెట్టు మీద కూచున్నాం. పొద్దు గూకుతోంది. ఎదురుగా జనం పందిరి కింద పరిచి కుడుతున్నారు. మామూలుగా అయితే మేమూ పోయేవాళ్ళం. ఈ పొద్దు పోలేదు.

"నాకే తెలీదు మే," అన్నాడు దస్తగిరి.

"ఏం తెలీదు?"

"తొక్కినానో లేదో. కండ్లతో చూస్తే కింద ఉన్నట్టు కనపడతాది. చూడకపోతే కాలు యాడ ఉండాదో నాకు తెలీదు. పోయిన వానాకాలం నుంచీ అంతే. పాదాలు నావి కాదన్నట్టు ఉంటాయి." ఆగి మళ్ళీ అన్నాడు, "తొక్కలేదు తొక్కలేదు అని అందరితో కొట్లాడినా. ఆ ముసలామె చేయి విరిగింది. నేనే విరగ్గొట్టినానేమో."

ఇంతకాలం నాతో ఎందుకు చెప్పలేదని అడగాలనుకున్నాను. అడగలేదు. ఆయన అప్పటికే అరిచేతుల్లో ముఖం దాచుకున్నాడు.

పన్నెండో మజిలీ

తప్పు ఎవరిదో తేల్చాలంటే అంతా రోజూలాగే ఉండాలి, తోలే మనిషి మాత్రమే మారాలి. అందుకని పొయ్యి వెలిగించి పిండి ఆయనకు అప్పజెప్పాను. నేను స్టీరింగు ముందు కూచున్నాను. పొయ్యి దగ్గర నేనెప్పుడూ చెప్పులేసుకోను. ఇక్కడ కూడా, ఆయన తోలేటప్పటిలాగే, ఒట్టికాళ్ళతో కూచున్నాను.

పందిరికి కుట్లు పడ్డాయి, ఎట్లాగో లేచింది. క్రూజ్ వేశాను. పట్టుకుంది. వెనక ఆయన పళ్ళేలు చప్పుడు చేసుకుంటూ తంటాలు పడుతున్నాడు. హంపమ్మత్త లారీని వేరే బండి నుంచి వచ్చిన ఆమె తమ్ముడు తోలుతున్నాడు, మాకు దూరంగా, భయంగా.

మొదటి వాయి అయ్యేసరికి పాదాల కింద వెచ్చగా తగిలింది. ఎండ కదా అనుకున్నాను. రెండో వాయికి కాలడం మొదలైంది. పాదం అటు పెట్టి ఇటు పెట్టి చూశాను. ఎక్కడ పెట్టినా పెనం మీద పెట్టినట్టే ఉంది. ఇక ఓర్చుకోలేక రెండు కాళ్ళూ పైకి లాక్కుని సీటు మీద బాసింపట్టు వేసుకున్నాను. పెడలు దగ్గర గాలి తప్ప ఏమీ లేదు.

అప్పుడు తెగింది.

లారీ కుదిపింది, తెర మీద ఎర్రగా వచ్చింది: 'డ్రైవరు గారు బ్రేకు తొక్కారు.'

వైర్‌లెస్ అందుకున్నాను. ఏం మాట్లాడానో నాకు సరిగ్గా గుర్తు లేదు, తర్వాత జనం చెప్పారు. "నా రెండు కాళ్ళూ సీటు మీద ఉండాయి! వినపడుతాందా అందరికీ? సీటు మీద! మఠం వేసుకుని కూచున్నా! ఇప్పుడు చెప్పండి ఎవరు తొక్కినారో! ఓబులేసూ, యాడున్నావురా, పరిగెత్తుకుని రా, ఇది వేడిగా ఉన్నప్పుడే చూడు, సల్లబడితే మళ్ళీ దొంగముఖం పెడతాది!"

వెనక కిటికీలో దస్తగిరి ముఖం కనిపించింది. గడ్డమంతా పిండి. నా కాళ్ళ వైపు చూసి, అట్లాగే నిలబడిపోయాడు.

పెడలు తొక్కి వదిలి, క్రూజ్ మళ్ళీ పట్టించాను. ఓబులేసు తన జీపు దిగి పక్కన పరిగెత్తుకుంటూ వచ్చి మెట్టు ఎక్కాడు. తల కిందికి పెట్టి పెడలు కిందికి దూరాడు. దూరిన చేతిని చటుక్కున వెనక్కి లాక్కున్నాడు.

"అక్కా, ఇదేంది ఇట్ల కాల్తాంది!"

"కాల్తాంటే కాలనీ, చూడు ముందు!"

గుడ్డ పరుచుకుని మళ్ళీ దూరాడు. కాసేపటికి కిందనుంచి నవ్వు వినిపించింది. ఏడుపో నవ్వో తెలియని నవ్వు.

"దొరికింది. దొరికిందక్కా. స్విచ్చి కాదు, వైరు కాదు. పెడలు కమ్మీకి ఒక రబ్బరు బిళ్ళ ఉండాది. పుల్లను నెట్టేది అదే. ఈ వేడికి మెత్తబడిపోయింది. పుల్ల దాంట్లోకి దిగబడిపోతాంది."

"పిండిలో వేలు దించినట్టా?"

"అంతే! పుల్ల బయటికొస్తే తొక్కినట్టు లెక్క కదా. సాయంత్రం సల్లబడేసరికి బిళ్ళ గట్టిపడతాది. నేను మజిలీలో వచ్చి చూస్తే అంతా బాగుంటాది. స్విచ్చి దగ్గరికి బిగించినప్పుడు ఒక్క దినం తట్టుకుంది. మళ్ళీ గుంత పడింది."

పొయ్యి. నేను కాపలా కూచున్న దినం పొయ్యి వెలిగించలేదు. అందుకే తెగలేదు. పొయ్యికీ క్యాబిన్‌కీ మధ్య వేడి ఆపడానికి అడ్డంగా పెట్టిన రాతినార పలక జారి కిందపడి ఉందని తర్వాత తెలిసింది. వేడంతా నేల రేకు కిందుగా పెడళ్ళ దగ్గరికి పోతోంది. నా మొగుణ్ణి దొంగను చేసింది నా పొయ్యే.

ఓబులేసు ఆ బిళ్ళ పీకేసి, దాని రంధ్రంలో చిన్న బోల్టు ఒకటి దూర్చి వెనక నట్టు బిగించాడు. ఇనుముకు ఏ వేడీ లెక్క లేదు. అప్పటినుంచి సాయంత్రం దాకా లారీ మళ్ళీ కుదపలేదు.

దిగబోతూ అతను నేల రేకు వైపు చూశాడు.

"అక్కా, బావ దినామ్మూ దీనిమీదనే ఒట్టికాళ్ళు పెట్టుకుని కూచుంటాడా?"

వెనక కిటికీ తెరిచే ఉంది. పళ్ళేల చప్పుడు ఆగిపోయింది.

అదే మజిలీ, సాయంత్రం

తిప్పేస్వామి జనాన్ని పిలిచి ఆ రబ్బరు బిళ్ళను అందరికీ చూపించాడు. చేతులు మారి వెళ్ళింది. ఇంత చిన్నదా అని ఒకరు, దీనికోసమా ఇంత రాద్ధాంతం అని ఇంకొకరు. దస్తగిరి చేయి పట్టుకుని, "తప్పు మాది. రేపటినుంచి నీ స్టీరింగు నీదే," అన్నాడు. నిన్న నా ముఖం చూడనివాళ్ళు ఈ పొద్దు నవ్వుతూ వచ్చారు. హంపమ్మత్త చేతికి కట్టుతో ఆస్పత్రి బండిలోంచే కేక పెట్టింది: "నీ పొయ్యి పగలగొట్టాలే మాబున్నీ!" ఆ తిట్టు వింటే నాకు ప్రాణం లేచొచ్చింది.

దస్తగిరి అందరికీ తలూపాడు. నా కళ్ళు ఆయన చెప్పుల మీదే ఉన్నాయి.

లారీలోకి రాగానే కూచోమన్నాను. కాళ్ళు పైకెత్తమన్నాను. ఏంటికి అన్నాడు. ఎత్తు అన్నాను.

పాదాల కింద బొబ్బలు. పాతవి, కొత్తవి. కొన్ని పగిలి, వాటి మీదే మళ్ళీ నడిచి మురికి పట్టాయి. మడమ దగ్గర చర్మం ఊడి వచ్చింది. నేను ఉదయం రెండు వాయిల సేపు ఓర్చుకోలేనిది ఈయన మజిలీ తర్వాత మజిలీ పెట్టుకుని కూచున్నాడు. వేరే ఎవరు తోలినా మొదటిరోజే "నేల కాల్తాంది" అని లేచి ఉండేవాళ్ళు. పొయ్యి సంగతి అప్పుడే తేలిపోయేది.

గోరువెచ్చటి నీళ్ళు పెట్టి కడిగాను. కళ్ళు మసకబారి తుడవడం చేతకాలేదు.

"ఏడవొద్దు మే," అన్నాడు. "నొప్పి ఏమీ లేదు."

"అందుకే కదయ్యా ఏడుస్తాండేది."

ఆయన చాలాసేపు తన పాదాల వైపే చూస్తూ ఉన్నాడు, పక్కింటివాళ్ళ బిడ్డను చూసినట్టు.

పదమూడో మజిలీ

పొద్దున లేచేసరికి ఆయన లేడు. రాత్రి ఆయన కాళ్ళకు కట్లు కట్టిన ఆస్పత్రి బండి నర్సు కదలొద్దని చెప్పి ఉంది. తిట్టుకుంటూ బయటికి పోతే, కర్ర పట్టుకుని తిప్పేస్వామి బండి దగ్గర నిలబడి ఉన్నాడు. వైర్‌లెస్ ఆయన చేతిలో ఉంది. బిడారంతా వినేట్టు మాట్లాడుతున్నాడు.

"నేను దస్తగిరిని, రొట్టెల బండి. నిన్న తేలింది నిజమే. నేను తొక్కలేదు. కానీ ఇంకో సంగతి కూడా ఉండాది. నా పాదాలకు స్పర్శ లేదు. నేల కాల్తాంటే నాకు తెలీలేదు. నిజంగా తొక్కాల్సి వచ్చినప్పుడు తొక్కినానో లేదో కూడా నాకు తెలీదు. హంపమ్మత్తా, పోయినసారి నీ చెయ్యితో పోయింది, ఇంకోసారి ప్రాణమే పోవచ్చు. ఈ పొద్దునుంచి మా బండి మాబున్నీ తోలుతాది."

ఆస్పత్రి బండిలోంచి హంపమ్మత్త గొంతు వచ్చింది, గరగరమంటూ. "రొట్టెలు నువ్వు కాలుస్తావా దస్తగిరీ? అయితే ఇక మా గతి అంతే."

బారు పొడుగునా నవ్వులు. ఆయన కూడా నవ్వాడు. వైర్‌లెస్ తిరిగి ఇచ్చేటప్పుడు మాత్రం కళ్ళు తుడుచుకున్నాడు.

కర్ర ఊతంతో నా దగ్గరికి వచ్చాడు. ఆయన్ను తిట్టాలని నోట్లో సిద్ధం చేసుకున్న మాటలన్నీ అట్లాగే ఉన్నాయి.

"నాకెందుకు చెప్పలేదు ఈ పని చేయబోతున్నావని?"

"చెప్తే నువ్వు వద్దంటావు."

"అంటాను."

"మళ్ళీ నాకు ధైర్యం రాదు."

చంకలో చేయి వేసి ఆయన్ను వెనక మెట్లు ఎక్కించాను. పొయ్యి దగ్గర ఎత్తుపీట వేసి కూచోబెట్టి, కాళ్ళు దూరంగా చాపించి, పిండి తట్ట ఒళ్ళోకి జరిపాను. ఉప్పు ఎంత అని అడిగాడు. చెప్పాను. నీళ్ళు ఎంత అన్నాడు. చేయి పట్టి చూపించాను.

ముందుకు పోయి స్టీరింగు ముందు కూచున్నాను. కిటికీలోంచి వెనక్కి చూస్తే ఆయన పిండిలోకి రెండు చేతులూ దింపి పిసుకుతున్నాడు. తలెత్తి అన్నాడు:

"చేతులకు తెలుస్తాంది మే. బాగా తెలుస్తాంది. సల్లగ ఉండాది."

ముందు బండి కదిలింది. నేను క్రూజ్ వేశాను.